రెండు ఎడమ పలకలు

అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం దాన్ని వాడినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ అతను మూలమట్టమే. చెక్క మూల తిన్నగా కుదిరిందో లేదో చూసుకోవడానికి వడ్రంగులు వాడే ఆ ఇనప మట్టం పొద్దస్తమానం అతని నడుం దగ్గర దోపి ఉండేది. ఎవరింటికి వెళ్ళినా వెంటనే కూర్చోడు. కుర్చీ మూలలు చూసి, పెదవి విరిచి, అప్పుడు కూర్చుంటాడు. ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో చేర్పిస్తే సగం తెలివిలోనే లేచి, మంచం కోడు కింద అట్టముక్క మడిచి పెట్టి మళ్ళీ పడుకున్నాడని చెప్పుకుంటారు. అది నిజమే. నర్సు తిట్టిందన్నది మాత్రం కల్పన. ఆవిడ పక్క మంచం కూడా చూడమంది.

కింద షెడ్డు, పైన రెండు గదుల ఇల్లు. షెడ్డులోంచి ఇంట్లోకి ఇరవై రెండు చెక్క మెట్లు. అవి అతను పెళ్ళయిన ఏడాది తన చేత్తో చేసినవి. నిటారుగా ఉంటాయిగానీ ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్క మెట్టు కిర్రుమని ఎరగదు. తలుపులూ కిటికీలూ బీరువాలూ చేసుకుంటూ బతుకు వెళ్ళదీశాడు. రెడీమేడ్ తలుపులు వచ్చాక పని పలచబడింది. అయినా అతను పెద్దగా దిగులుపడలేదు. ఊరు మరిచిపోతే పోయింది, అత్తవారి వంశంలో చెక్క అనే మాట వస్తే చూపులన్నీ తనవైపే తిరుగుతాయి. అది చాలనుకున్నాడు.

దానికి కారణం మామగారు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దల్లుడు వడ్రంగి. చిన్నల్లుడు రేడియోలూ టీవీలూ బాగుచేసే మెకానిక్, అందుకే అతనికి రేడియో అనే పేరు స్థిరపడిపోయింది. మామగారు పోయేముందు ఇద్దరినీ కూర్చోబెట్టి నవ్వుతూ తీర్పు చెప్పారు. "నాకు ఆస్తుల్లేవు పంచడానికి. ఇంట్లో చెక్క పాడైతే పెద్దబాబు, కరెంటు పాడైతే చిన్నబాబు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకండి. తోడల్లుళ్ళ మధ్య గోడ ఉంటేనే ఇంటికి అందం."

మూలమట్టం ఆ గోడని ఆనాటినుంచీ కాపలా కాస్తూనే ఉన్నాడు. ఫ్యూజు పోతే చీకట్లో కూర్చునేవాడుగానీ తను ముట్టుకునేవాడు కాదు. రేడియోకి ఆ పట్టింపు లేదు. అతనికి అసలు ఏ పట్టింపూ లేదు. నవ్వు మొహం. అడక్కుండా పని అందుకుంటాడు, సగం తెలియకపోయినా చేసేస్తాడు, తప్పుపోతే తనే ముందు నవ్వుతాడు. ఎంత తప్పు చేసినా మనుషులు అతన్నే ఎందుకు ముద్దు చేస్తారో మూలమట్టానికి అంతుపట్టేది కాదు. తను ఒక్క తప్పూ చెయ్యకుండా ముప్ఫై ఏళ్ళు పని చేస్తే అందరూ 'మంచి పనివాడు' అన్నారు. అంతటితో ఊరుకున్నారు.

ఒక్క అత్తగారు మాత్రం అంతటితో ఊరుకోలేదు. మామగారు పోయాక ఆవిడ పెద్దకూతురి ఇంటికే వచ్చి పదకొండేళ్ళు ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మెట్లు దిగి షెడ్డులోకి వచ్చేది. పీట వేసుకుని, పాత చెక్కల్లోంచి పీకిన వంకర మేకులు రాయి మీద పెట్టి చిన్న సుత్తితో తిన్నగా కొట్టేది. అతను చిత్రిక పట్టేవాడు, ఆవిడ మేకులు సరిచేసేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. అతనికి తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ 'టకటక'కి ఏం పేరు పెట్టాలో అతనికి తెలియదుగానీ అది లేని మధ్యాహ్నం ఉండేది కాదు.

అలాంటి అత్తగారికి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది, మాట కాస్త ముద్దగా అయినా నిలిచింది. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. కాళ్ళు కూడా బలం తగ్గి చక్రాల కుర్చీ తప్పలేదు. ఆసుపత్రి నుంచి ఎక్కడికి తీసుకెళ్ళాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ ఆ ఇరవై రెండు మెట్లనే తలుచుకున్నారు. రేడియో ఇల్లు గడపకి రెండే మెట్లు. వాటి మీద అతను ఒక్క పూటలో సిమెంటు ఏటవాలు పోసేశాడు. అది వంకర. అయినా కుర్చీ ఎక్కింది.

నెల గడిచింది. ఒక ఉదయం మూలమట్టం తలుపు రెక్కకి అంచు దువ్వుతుంటే భార్య చెల్లెలితో ఫోను మాట్లాడి కిందికి వచ్చింది.

"ఏమండీ, విన్నారా? మరిది అమ్మకోసం గేమ్ పెట్టె చేస్తున్నాడట."

"గేమ్ పెట్టా? ఏం గేము?"

"అదే, వెనకటికి బజార్లో ఉండేవే, నిలబడి ఆడతారు, హ్యాండిలు తిప్పుతూ బటన్లు నొక్కుతూ. అమ్మ చెయ్యి కదపాలని డాక్టరు చెప్పాడుగా. మొదటి మూడు నెలలే ముఖ్యమట, తర్వాత ఎంత చేసినా అంతంతమాత్రమేనట. ఫిజియోథెరపీ పిల్ల బంతి ఇచ్చి నొక్కమంటే ఈవిడ దాని మొహాన కొడుతోంది. ఆట అయితే ఆడుతుందని మరిదికి తోచింది. కుర్చీలో కూర్చునే ఆడేలా."

"పాత టీవీ ఏదో పెడతాడు కాబోలు."

"టీవీ, బటన్లు అన్నీ ఉన్నాయట. ఇప్పుడు పెట్టె చేస్తున్నాడు. చెక్కతో."

చిత్రిక ఆగిపోయింది.

"చెక్కతోనా?"

"మరి మట్టితో చేస్తారా?"

"ఎవరు చేస్తున్నారు?"

"చెప్పాగా, మరిది. తనే కొలుస్తున్నాడు, తనే కోస్తాడట. వాడి చేతిలో ఏ పని ఆగింది చెప్పండి."

ఆ చివరి మాట పుండు మీద కారం చల్లినట్టయింది. మూలమట్టం మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. ఆ పూట ఆ తలుపు అంచు అవసరమైన దానికన్నా పలచగా దిగింది. ముప్ఫై ఏళ్ళలో అలా దిగడం అదే మొదలు.

అతని మనసులో లెక్క చాలా తేలికగా ఉంది. అత్తగారు తన ఇంటినుంచి వెళ్ళింది, సరే, మెట్లు. కానీ ఆవిడ కూర్చునే కుర్చీ పక్కన ఒక చెక్క వస్తువు రావలసి వస్తే, అది తన చేతినుంచి రావాలి. ఆవిడకి చెక్క అంటే తను. ఆ ఒక్క చోటూ కూడా వాడికే ఇచ్చేస్తే ఇక ఆవిడ మనసులో తనకి మిగిలేది ఏమిటి? పిలుస్తాడేమో అని నాలుగు రోజులు చూశాడు. పిలవలేదు. ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, పిలవకుండానే వెళ్ళాడు.

రేడియో ఇంటి ముందుగదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. పొట్ట విప్పిన టీవీ, రంగురంగుల బటన్లు, తీగల చుట్టలు. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కుడిచెయ్యి ఆవిడ ఒళ్ళో ఎవరో మరిచిపోయి వదిలేసిన సంచిలా పడి ఉంది.

"పెద్దబాబూ! వచ్చావా? సన్నబడ్డావేం? మా అమ్మాయి తిండి పెట్టడం లేదా?" అందావిడ, మాటలు పక్కకి ఒరుగుతుంటే ఒక్కొక్కటీ నిలబెట్టుకుంటూ.

"పెడుతోంది అత్తయ్యా. మీరు లేరుగా, ముద్ద దిగట్లేదు" అన్నాడు. హాస్యానికన్నట్టే అన్నాడు.

"బాగుంది. నేనేం ఊరగాయనా!"

మరదలు కాఫీ తెచ్చింది. "మీరు రావడం మంచిదైంది బావగారూ. ఈయన మూడు రోజులుగా నిద్రలో కూడా అంగుళాలు కలవరిస్తున్నాడు."

రేడియో మోకాళ్ళ మీద లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ఉత్సాహంగా అన్నీ చూపించాడు. అట్టతో కోసుకున్న నమూనా చూపించాడు. పెట్టెకి రెండు పక్కలా రెండు పలకలు. పక్కనుంచి చూస్తే కింద మడమ, మధ్యలో బొజ్జ, పైన ముక్కు ఉన్న మనిషిలా ఉంటుంది. ఆ బొజ్జ మీదే బటన్ల బల్ల వస్తుంది. పలకల లోపలివైపు చెక్క పట్టీలు అంటించి, వాటి మీద టీవీ, బటన్ల బల్ల నిలబెట్టాలి. ప్లైవుడ్‌కి ఒకవైపు టేకు పొర, రెండోవైపు మామూలు చెక్క. టేకు బయటికి, మామూలువైపు లోపలికి.

"అత్తయ్య మోచెయ్యి ఎత్తు కొలిచి పెట్టానన్నయ్యా. ఇదిగో, బల్ల సరిగ్గా చేతికిందికి వస్తుంది."

మూలమట్టం నమూనా చూడలేదు. గోడకి ఆనించిన పలకలు చూశాడు. రెండింటి మామూలువైపూ గదిలోకి తిరిగి ఉంది, రెండింటి మీదా బొమ్మ గీసి ఉంది. గీసింది బాల్‌పెన్నుతో. చెక్క మీద బాల్‌పెన్నా! పెదవి విరవబోయాడు. అప్పుడు కంటబడింది అసలు సంగతి.

రెండు బొమ్మల ముక్కులూ కిటికీవైపే ఉన్నాయి.

ఎడమా కుడీ పలకలు జంట చెప్పుల్లాంటివి. ఒకటి ఇటు చూస్తే రెండోది అటు చూడాలి. వడ్రంగి పనిలో మొదటి ఏడాదే నెత్తిన మొట్టి మరీ నేర్పే పాఠం అది. అట్ట నమూనాని ఒకసారి ఇలా, ఒకసారి బోర్లించి గీయాలి. రేడియో బోర్లించలేదు. పట్టీలు ఎక్కడ అంటించాలో కూడా రెండింటి మీదా ఒకేలా గీసేశాడు. కోసి, అంటించి, నిలబెడితే రెండూ ఎడమ పలకలే. రెండు ఎడమకాలి చెప్పులు.

మూలమట్టం పలక మీద చెయ్యి వేశాడు. నోరు తెరిచాడు.

"చూశావా పెద్దబాబూ" అంది అత్తగారు వెనకనుంచి, "చిన్నబాబు చెక్క పని కూడా నేర్చేసుకున్నాడు. మీ మామయ్య గోడ కట్టి పోయాడు, వీడు దూకేశాడు!" అని గలగలా నవ్వింది. ఆ జబ్బు చేశాక ఆవిడ అలా నవ్వగా అతను వినలేదు.

"ఇందులో ఏముందత్తయ్యా, కొలతలు సరిగ్గా ఉంటే చాలు" అన్నాడు రేడియో. ఆ తర్వాత తోడల్లుడి వైపు తిరిగి, "ఎలా ఉందన్నయ్యా? నువ్వు చూశావంటే నాకు ధైర్యం. కోసెయ్యమంటావా?"

మూలమట్టం చెయ్యి పలక మీదనుంచి తీసేశాడు.

"గీత బాగానే ఉంది" అన్నాడు.

అది అబద్ధం కాదు. గీత నిజంగానే బాగుంది, తిన్నగా, కొలతకి సరిగ్గా ఉంది. దారి పొడుగునా ఆ మాటనే పట్టుకుని నడిచాడు. గీత గురించి అడిగాడు, గీత గురించి చెప్పాను. కొలతలు సరిగ్గా ఉంటే చాలన్నవాడికి నేనేం చెప్పాలి? తెలుసుకోనీ. చెక్క ఏమిటో ఒకసారి తెలుసుకోనీ.

తర్వాతి నాలుగు రోజులూ అతనికి చెప్పుకోదగ్గ రోజులు. పని చేస్తున్నా చెవి ఫోను దగ్గరే. 'అన్నయ్యా, కొంప మునిగింది, ఒక్కసారి రా' అని ఎలా పిలుస్తాడో, తను ఎంత నిదానంగా చెప్పులు వేసుకుంటాడో, అత్తగారు ఎలా చూస్తుందో అన్నీ ఊహించుకున్నాడు. అక్కడికెళ్ళి ఏ మాట అనాలో కూడా తయారుచేసుకున్నాడు. 'ఎవరి పని వాళ్ళు చెయ్యాలి తమ్ముడూ' అన్నది మరీ కటువుగా ఉందని, చివరికి 'పోనీలే, నేనున్నాగా' అనడం ఖాయం చేసుకున్నాడు.

ఐదో రోజు భార్య చెప్పింది. "పాపం మరిది! పట్టీలన్నీ జిగురు పెట్టి మేకులు కొట్టి నిలబెడితే రెండు పలకలూ ఒకవైపువే వచ్చాయట. ఒకటి తూర్పుకి చూస్తే ఒకటి పడమరకి."

"అయ్యో" అన్నాడు మూలమట్టం. ఆ 'అయ్యో' తన చెవికే తియ్యగా వినిపించింది. "మరేం చేశాడు?"

"ఏం చేస్తాడు, కడుపు పట్టుకుని నవ్వాడట. అమ్మ కూడా నవ్విందట. స్క్రూడ్రైవరు పెట్టి పట్టీ పీకబోతే ప్లైవుడ్ పొర లేచిపోయిందని మానేశాడు. కొత్త పలకకి కలప డిపోలో చెప్పాడట. ఆ రకం బయటినుంచి రావాలి, రెండు మూడు వారాలంటున్నారు."

"నన్ను పిలవమన్నాడా?"

"లేదే. ఎందుకు?"

ఇంకో వారం గడిచింది. పిలుపు రాలేదు. జంట చెప్పుల లెక్క తప్పినవాడు నవ్వుకుంటూ తిరుగుతున్నాడు, తప్పు చూసినవాడు తేలు కుట్టిన దొంగలా షెడ్డులో తిరుగుతున్నాడు. తప్పు కూడా వాడికి అచ్చివస్తోంది అనుకున్నాడు మూలమట్టం. నాకు ఒప్పు కూడా అచ్చిరాదు.

ఆ మర్నాడు భార్య కూరలు తరుగుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "డాక్టరు చెప్పిన మూడు నెలల్లో రెండో నెల కూడా సగమైంది. ఆ పెట్టె వచ్చేసరికి ఇంకో రెండు వారాలు. అమ్మ బొటనవేలు ఇంకా కదలడం లేదట."

అప్పటిదాకా అతను రేడియో చెక్క ఒక్కటే పాడైందనుకున్నాడు. తను మింగిన మాట వెళ్ళి వెళ్ళి ఆ ఒళ్ళో పడి ఉన్న చేతిని తగిలిందని అప్పుడు అర్థమైంది. అయినా, నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో కూడా మనసులో ఒక మూల 'నన్ను పిలిచి ఉంటే ఈపాటికి' అనే గొణుగుడు ఆగలేదు. అసూయ సిగ్గుపడినా లేచి వెళ్ళిపోదు, కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది.

సాయంత్రం పని కట్టేసి, రెండు ఉలులు గుడ్డలో చుట్టుకుని బయల్దేరాడు.

తలుపు తీసే ఉంది. లోపలినుంచి టీవీలో టపటప పేలుతున్న చప్పుడు, దాని మీదుగా అత్తగారి గొంతు. "కదపకురా చిన్నబాబూ! ఓడ పోయింది! నువ్వు కదిపావు కాబట్టే పోయింది!"

"నేను కదపలేదత్తయ్యా, నా మోకాలు కదిపింది."

మూలమట్టం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

టీవీ గోడ దగ్గర స్టూలు మీద ఉంది. అత్తగారు దానికి ఎదురుగా కుర్చీలో. ఆవిడ ముందు రేడియో నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, బటన్ల బల్లని రెండు చేతులతో ఆవిడ ఒడికి కాస్త పైన ఎత్తి పట్టుకుని ఉన్నాడు. వీపు టీవీవైపు. ఆట అతనికి కనిపించదు, ఆవిడ మొహమే కనిపిస్తుంది. ఆవిడ ఎడమచేత్తో కుడిచేతిని తెచ్చి బటను మీద పెట్టి, పళ్ళు బిగించి నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా బల్ల కిందికి దిగుతోంది, అతను మళ్ళీ ఎత్తుతున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"రోజూ ఇదేనా?" అన్నాడు మూలమట్టం మరదలితో, గొంతు తగ్గించి.

"పలకలు తప్పుపోయిన రోజునుంచీ ఇంతే బావగారూ. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. మోకాళ్ళు వాచిపోయాయి. టేబులు మీద పెడదామంటే ఎత్తు కుదరదు, ఒళ్ళో పెడితే జారిపోతుంది. పెట్టె వచ్చేదాకా నేనే పెట్టెనంటాడు."

ఎన్నో రకాల అసూయలు ఎరిగిన మనిషి మూలమట్టం. వాడి నవ్వు మీద, వాడి గుమ్మానికి రెండే మెట్లు ఉండటం మీద, అత్తగారు వాడిని 'ఒరే' అనడం మీద. అవన్నీ ఇప్పుడు కలిసి ఒక్క చోట పొడిచాయి. తను ఆవిడకి ఎంత గట్టి చెక్క తెచ్చి ఇవ్వగలడో అదే ఆలోచించాడు ఇన్నాళ్ళూ. వాడు చెక్క లేకపోతే తనే చెక్క అయ్యాడు. ఆ పని తనకి తట్టి ఉండేదా? తట్టినా చేసేవాడా? ఆవిడ ముందు మోకాళ్ళ మీద? జవాబు తెలుసు కాబట్టే అంత మంట.

"పలకలెక్కడ?" అన్నాడు పైకి. "ఇస్త్రీ పెట్టె ఉందా?"

"అన్నయ్యా! ఎప్పుడొచ్చావు? ఇస్త్రీ పెట్టె దేనికి?"

"నీ చొక్కాకి కాదులే."

నేల మీద గోనె పరిచి పలక పడుకోబెట్టాడు. మేకులు పీకి, తడిగుడ్డ పట్టీ మీద వేసి, దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది, తొందరపడకుండా ఉంటే చాలు. పలచని ఉలిని పట్టీ కిందికి వెంట్రుకవాసి దూర్చి, ఆగి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ దూర్చాడు. పట్టీ నిద్రలోంచి లేచినట్టు మెల్లిగా పైకి వచ్చింది. పొర చెక్కు చెదరలేదు.

రేడియో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అమ్మో! నేను స్క్రూడ్రైవరు పెట్టి కోడిని పీకినట్టు పీకాను." అత్తగారి వైపు తిరిగి, "అత్తయ్యా, చూశావా, ఇదీ పనంటే!"

మూలమట్టానికి ఆ మాట కోసమే పదిహేను రోజులు ఎదురుచూసినట్టు గుర్తొచ్చింది. ఇప్పుడు వచ్చింది. చప్పగా ఉంది.

"కొత్త పలక అక్కర్లేదు" అన్నాడు. "ఈ పట్టీలు టేకు వైపు అంటిస్తాం. దీనికి మామూలువైపు బయటికొస్తుంది, దాన్ని గోడకి ఆనిస్తే ఎవరికీ కనబడదు."

"అంతేనా! ఇంత చిన్నదానికి నిన్ను ఇబ్బంది పెట్టడం దేనికని పిలవలేదన్నయ్యా. పైగా సిగ్గేసింది. నువ్వు చూసి బాగుందని వెళ్ళాక కూడా పాడుచేశాను కదా. ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. చివరికి తేలిందేమిటంటే, నువ్వు వెళ్ళాక నేనే పలక తిప్పేసి గీత తప్పు గీసి ఉంటాను. లేకపోతే నీ కంటబడిన చెక్కలో తప్పెలా ఉంటుంది?"

ఇస్త్రీ పెట్టె కింద గోనె మాడిన వాసన వచ్చేదాకా మూలమట్టం దాన్ని ఎత్తలేదు. ఊరుకుంటే సరిపోయేది. వాడే కథ అల్లి చేతికిచ్చాడు. కానీ వాడి కథలో వాడు ఇంకాస్త మంచివాడు, తను ఇంకాస్త గొప్పవాడు. ఆ గొప్ప మింగుడుపడలేదు.

"నువ్వు తిప్పలేదు" అన్నాడు. "గీసిందే తప్పు గీశావు. నేను ఆ రోజే చూశాను."

"చూశావా?"

"చూశాను. చెప్పలేదు."

రేడియో మొహంలో నవ్వు ఆరిపోయింది. అది ఆరిపోగా మూలమట్టం ఎప్పుడూ చూడలేదు. ఆరిపోయాక ఆ మొహం వయసు తెలిసింది. రేడియో లేచి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు.

"ఎందుకు చెప్పలేదు?" అంది అత్తగారు. గద్దింపు కాదు, నిజంగా తెలియక అడిగినట్టే.

మూలమట్టం ఉలి మొన వేలితో తుడిచాడు. "మీరు ఇక్కడున్నారని" అన్నాడు.



"మెట్లు ఎక్కలేక వచ్చాను పెద్దబాబూ" అంది. "నీ మీద అలిగి రాలేదు."

లోపలినుంచి రేడియో వచ్చాడు. చేతిలో జిగురు డబ్బా. దాన్ని తోడల్లుడి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, రెండో పట్టీ మీద తడిగుడ్డ పరిచాడు. ఇద్దరూ చీకటి పడేలోపు పట్టీలన్నీ మార్చేశారు. పనికి సంబంధించిన మాటలే, 'పట్టుకో', 'వదులు', 'చాలు'. వెళ్ళేటప్పుడు రేడియో గుమ్మం దాకా వచ్చాడుగానీ ఎప్పటిలా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యకపోవడం మూలమట్టానికి బరువుగా తెలిసింది.

మూడు రోజుల్లో పెట్టె లేచింది. మర్నాడు రేడియో కూతురితో సహా అందరూ చేరారు. పెట్టె అందంగా ఉందని ఎవరూ అనలేరు. రేడియో కోసిన ముక్కు ఒకవైపు కాస్త మొండిగా ఉంది, స్పీకరు కన్నాలు నక్షత్రాలు చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. కానీ అత్తగారి కుర్చీ దాని బొజ్జ కిందికి సరిగ్గా దూరింది, మోచేతులు రెండూ బల్ల మీద సుఖంగా ఆనాయి. ఆవిడ నాలుగు ఓడలు పేల్చి, ఐదోదాని చేతిలో చచ్చిపోయి, మనవరాలి ముందు అనకూడని మాట అంది. ఏడో ఆటకి బొటనవేలు దానంతట అది బటను మీద ఒక్కసారి, ఒక్కసారే, వంగింది. మరదలు కళ్ళు తుడుచుకుంది. అందరూ రేడియో వీపు తట్టారు. మూలమట్టం గోడవైపున్న పలక దగ్గర నిలబడి చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర భార్య అంది. "మరిది ఎంత మంచివాడండీ! వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడు. తప్పంతా తనదేనట, పెద్దాయన వచ్చి చెయ్యి వెయ్యకపోతే అసలు పెట్టే లేదట. మీ ఉలి పని చూసి తీరాలట."

మూలమట్టం మూడో మెట్టు మీద ఆగాడు. వాడు చెప్పలేదన్నమాట. ఎవరికీ చెప్పలేదు, తప్పు తన నెత్తినే వేసుకుని తిరుగుతున్నాడు. ఈ మంచితనం కూడా వాడికేనా దక్కాల్సింది? ఈ ఒక్కటైనా తనకి వదలకూడదా?

"అదేం కాదు" అన్నాడు విసురుగా. "వాడు అబద్ధాలాడుతున్నాడు." ఆ మెట్టు మీద నిలబడే మొత్తం చెప్పేశాడు, పలక మీద చెయ్యి వేయడం, తీయడం, 'గీత బాగానే ఉంది' అనడం, ఏదీ దాచలేదు.

భార్య రెయిలింగు పట్టుకుని విన్నది.

"ఈ మాట మరిదికి చెప్పారా?"

"చెప్పాను."

"అమ్మకి?"

"అక్కడే ఉంది. విన్నది."

"చెల్లికి?"

"వంటింట్లో ఉంది. వినే ఉంటుంది."

"అంటే, వాళ్ళ ముగ్గురికీ తెలుసు" అందావిడ. గొంతు మారింది. "నాలుగు రోజులుగా వాళ్ళ ముగ్గురికీ తెలుసు. ఇంట్లో ఉన్నదాన్ని, పక్కన పడుకునేదాన్ని, అందరికీ అయ్యాక ఆఖరికి నాకా!"

చరచరా మిగిలిన మెట్లన్నీ ఎక్కి తలుపు ధడాలున వేసుకుంది. మూలమట్టం అక్కడే కూర్చుండిపోయాడు. పెద్ద ఇబ్బందిలోనే ఉన్నాడుగానీ, ఎందుకో కొంచెం తేలికపడ్డాడు. ఆ ఇంట్లో కడుపుమంట తనొక్కడిదే కాదని ఆ సాయంత్రమే తెలిసింది.